మామయ్య నా బండి ఎక్కడం లేదు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలు ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడకు 43 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నారు. భర్త, ఇద్దరు పిల్లలు, మామగారితో కలిసి బైరాగిపట్టెడలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నారు. ఫ్లాటు సొంతమే. పోయిన అక్టోబరులో పాత డీజిల్ బండి అమ్మేసి, తన పేరు మీద లోన్ తీసుకుని ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొన్నారు. ఇంట్లో ఎవరికీ పెద్దగా ఇష్టం లేదు. ‘ఆరు నెలలు ఆగండి, మీరే మెచ్చుకుంటారు’ అని ఒప్పించింది ఆవిడే. నడిపేది కూడా ఎక్కువగా ఆవిడే. బ్యాటరీ 50 యూనిట్లది. ఒక్క ఛార్జికి 460 కిలోమీటర్లు వస్తుందని షోరూంలో చెప్పారు. ఊళ్లో తిరిగితే 370, 380 వస్తోంది. హైవే ఎక్కితే 280 రావడమే కష్టం. తిరుమల కొండకు పోతే 22 కిలోమీటర్లకే 15 శాతం ఖర్చవుతోంది. దిగేటప్పుడు కూతురికి వాంతులు.

పార్కింగ్‌లో ఛార్జర్ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదు. ‘రాత్రిపూట బ్యాటరీ అంటుకుంటే ఇరవై కుటుంబాలు ఏమైపోవాలి’ అన్నారట. దాంతో వారానికి రెండుసార్లు, పిల్లలు తిన్నాక, బయటి ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికి పోయి గంటసేపు కూర్చుని వస్తున్నారు. నెలకు ఐదు వేలు దాటుతోంది. భర్తకు మాత్రం రెండున్నర వేలని చెబుతున్నారు. బండి కొనేముందు ఆయనకు చూపించిన లెక్క అదే మరి.

అసలు కష్టం మే నెలలో వచ్చింది. ఆడపడుచు కూతురి పెళ్లి బెంగళూరులో, మధ్యాహ్నం 12.40కి ముహూర్తం. ముందురోజు రాత్రి ఛార్జర్ దగ్గర వెనకాల ఇంకో బండి కాచుకుని ఉంటే, మొహమాటపడి 84 శాతం దగ్గర ఛార్జింగ్ గన్ తీసేశారు. మీటర్ 320 చూపించింది. దూరం 250. చాలుననుకుని ఉదయం ఏడుంపావుకు ఐదుగురూ బయలుదేరారు. రోడ్డు బాగుంది, వంద, నూట ఐదులో పోయారు. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి 38 శాతం, మీటర్‌లో 105. నడిచింది 110 కిలోమీటర్లు, మీటర్‌లో కరిగిపోయింది 215. భయమేసి ఏసీ ఆపేశారు. అద్దాలు దించితే గాలికి ఛార్జి ఇంకా తింటుందని ఎక్కడో చదివి, అద్దాలు కూడా దించలేదు. ‘ఎంత ఉందమ్మా?’ అని మామగారు అడిగితే ‘చాలా ఉంది మామయ్యా’ అన్నారు. ముళబాగిలు దగ్గర ఛార్జర్‌కు ఒకటే గన్. ఒక బండికి ఛార్జి ఎక్కుతోంది, ఇంకొకటి క్యూలో ఉంది. అక్కడే రెండు గంటలు పోయాయి. మండపం చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. పెళ్లికూతురు ఆయనకు మొదటి మనవరాలు.

మామగారికి 74. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, సర్వీసులో చాలాభాగం కొండ బస్సులే. ఆ రోజు చొక్కా మొత్తం తడిసిపోయినా ఒక్క మాట అనలేదు. కానీ అప్పటి నుంచి కోడలి బండి ఎక్కడం లేదు. నెలకోసారి కిడ్నీ పరీక్షకు రాయవేలూరు పోవాలి. ‘బస్సు ఉంది కదమ్మా’ అని సంచి పట్టుకుని బస్టాండుకు పోతున్నారు. బావగారేమో ఫ్యామిలీ గ్రూపులో రోజుకొక ఛార్జింగ్ జోకు పెడుతున్నారు.

‘బండి అమ్మేయాలా? పెద్ద బ్యాటరీది తీసుకోవాలా? ఇంకో పెట్రోలు బండి చూడాలా? ఖర్చు సంగతి మా ఆయనకు చెప్పాలా? అన్నిటికన్నా ముందు, మామయ్య మళ్లీ నా బండి ఎక్కాలంటే నేనేం చేయాలి?’ ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా,

మీ ఐదు ప్రశ్నల్లో నాలుగింటికి జవాబు మీ పార్కింగ్‌లో లేని ఒక ప్లగ్ పాయింట్ దగ్గర ఉంది. ఐదోదానికి జవాబు ఏసీ స్విచ్ దగ్గర ఉంది. నేను చిత్తూరులో ఉంటాను, నాలుగేళ్లుగా ఎలక్ట్రిక్ బండే నడుపుతున్నాను, మీరు చెప్పిన రోడ్డు నాకు బాగా తెలుసు. అందుకని ముందు లెక్కలు తేల్చి, తర్వాత మామగారి దగ్గరికి వస్తాను. లెక్క తెలియకుండా ఆయన ముందు కూర్చుంటే మీరు మళ్లీ ‘చాలా ఉంది మామయ్యా’ అనే అంటారు.

ఆ 460 సంగతి. అది ప్రయోగశాలలో రోలర్ల మీద బండిని నడిపి తీసిన అంకె. ఆ పరీక్షలో ఊరి భాగంలో స్పీడు 50 దాటదు, బయటి భాగంలో 90 దాటదు. ఆ 90 కూడా కాసేపే. ఏసీ ఉండదు, ఘాట్ ఉండదు, ఐదుగురు మనుషులు ఉండరు. ఒక బండిని ఇంకో బండితో పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. బెంగళూరు ప్రయాణానికి దాన్ని పట్టుకుని బయలుదేరకూడదు. ఊళ్లో 370 వస్తోందంటే మీ బండి ఆరోగ్యంగా ఉంది. హైవేలో 280 అంటే కూడా ఆరోగ్యంగానే ఉంది. గాలి అడ్డు స్పీడు పెరిగినంతే పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. 80లో ఉన్న గాలి అడ్డు 100కు వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎస్‌యూవీ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. డీజిల్ బండికీ ఇదే జరిగేది. ట్యాంకు పెద్దది, బంకులు దారి పొడవునా ఉన్నాయి, అందుకని మనం పట్టించుకోలేదు.

మీటర్ 320 చూపించడానికి కారణం వేరే. ముందున్న రోడ్డు దానికి తెలియదు. అంతకుముందు కొన్ని రోజులు మీరు ఎలా నడిపారో చూసి, అదే తీరులో పోతే ఇంత దూరం అని చెబుతుంది. మీరు వారమంతా బైరాగిపట్టెడ నుంచి ఆఫీసుకు నలభైలో తిరిగారు. అది దాన్నే నమ్మింది. దూర ప్రయాణంలో ఆ కిలోమీటర్ల అంకెను చూడకండి, శాతం చూడండి. మీ బండికి హైవే మీద ఒక్క శాతం అంటే 2.7 లేదా 2.8 కిలోమీటర్లు. అది గుర్తుంటే చాలు. 84 శాతానికి దాదాపు 230. బెంగళూరు 250. బయలుదేరే ముందు మీకీ అంకె తెలిసి ఉంటే, చిత్తూరులోనే టిఫిను తినేటప్పుడు అరగంట ఛార్జి పెట్టుకునేవారు.

ఇక ఆ రోడ్డు గురించి. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంది, బెంగళూరు 920 దగ్గర. ఆ ఎక్కుడులో ఎక్కువ భాగం మొగిలి ఘాట్‌తో కలిపి పలమనేరు లోపలే అయిపోతుంది. మనుషులతో కలిపి రెండు టన్నుల బండిని 760 మీటర్లు పైకి లేపాలంటే నాలుగు యూనిట్లకు పైగా కావాలి. ఇది బండి కంపెనీని బట్టి మారేది కాదు. వచ్చేటప్పుడు అందులో చాలావరకు తిరిగి వస్తుంది. అదే బండి, అదే 250 కిలోమీటర్లు, అయినా పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ ఎనిమిది యూనిట్ల తేడా ఉంటుంది. అంటే మీ బండికి 45, 50 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణం గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. అది ఇబ్బంది లేకుండా జరిగి ఉంటుంది, అందుకే మీ మనసులో నిలవలేదు.

కొండ లెక్క కూడా ఇంతే, ఇంకా బాగుంటుంది. అలిపిరి నుంచి తిరుమలకు ఎత్తు దాదాపు 700 మీటర్లు. ఎత్తుకే నాలుగు యూనిట్లు, దూరానికి మూడు, పైన కొంచెం నష్టం. ఏడున్నర అంటే మీరు చూసిన 15 శాతం. మీరు అక్కడితో లెక్క ఆపేశారు. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా తిరిగి (దీన్నే రీజెన్ అంటారు) నాలుగైదు శాతం వెనక్కి ఇస్తుంది. పోను రాను 44 కిలోమీటర్లకు 10, 11 శాతం. ఆ లెక్కన మొత్తం బ్యాటరీకి 400 వస్తుంది. మీరు ఊళ్లో తిరిగేదానికంటే మెరుగు. ఎందుకంటే ఘాట్ మీద ఎవరూ వందలో పోరు. 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఆ ఘాట్ మీద రోజూ యాత్రికులను ఎక్కించి దించుతున్నాయి. బస్సుకు సరిపోయిన కొండ మీ బండికి బరువు కాదు. ఒక్క జాగ్రత్త: దిగే ముందు పైన ఛార్జర్ దొరికింది కదా అని 100 చేయకండి. బ్యాటరీ నిండుగా ఉంటే దిగేటప్పుడు వచ్చే కరెంటుకు చోటు ఉండదు, బ్రేకుల మీద భారం పడుతుంది.

మీ అమ్మాయి వాంతులకు కూడా ఈ రీజెనే కారణం కావచ్చు. పెడల్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీస్తే బండి గుంజినట్టు ఆగుతుంది, మలుపు మలుపుకూ అలా జరిగితే వెనక సీట్లో వాళ్లకు కడుపు తిప్పుతుంది. రీజెన్ తగ్గించమని నేను చెప్పను, దిగడానికి అది కావాలి. కాలును మెల్లగా ఎత్తడం అలవాటు చేసుకోండి. ఎక్కేటప్పుడు స్పోర్ట్ మోడ్ వద్దు. ఎలక్ట్రిక్ మోటారు కాలు పెట్టగానే మొత్తం లాగుడు ఇస్తుంది, నడిపేవాళ్లకు హాయిగానే ఉంటుంది కానీ మెడలు వెనక సీటు వాళ్లవి.

ఇప్పుడు ప్లగ్ పాయింట్. అసోసియేషన్ వాళ్లది వట్టి మొండితనం అనుకోకండి. వాళ్లు వార్తల్లో చూసినవి ఎక్కువగా స్కూటర్ల మంటలు. కానీ బండ్ల బ్యాటరీలకు 2022 డిసెంబరు నుంచి రెండు దశల్లో కఠినమైన భద్రతా పరీక్షలు పెట్టారు. కార్లకు అది ఏఐఎస్ 038 అనే భద్రతా ప్రమాణానికి చేసిన సవరణ. మీరు కొన్నది ఆ తర్వాతి బండి. ఇంటి ఛార్జింగ్‌లో నిజంగా ప్రమాదం ఎక్కడుందంటే, సన్న తీగలో, వదులు సాకెట్‌లో, లేని ఎర్తింగ్‌లో ఉంది. ‘పర్మిషన్ ఇవ్వకపోతే కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడదీస్తారు, అది ప్రమాదం. సరైన లైను వేస్తే ప్రమాదం తగ్గుతుంది’ అని మీటింగులో నెమ్మదిగా చెప్పండి. వాళ్ల భయాన్ని మీ వాదనకు బలంగా మార్చుకోవచ్చు.

చట్టం కూడా మీ పక్కనే ఉంది. ఛార్జింగ్ అనేది కరెంటు అమ్మకం కాదు, దానికి లైసెన్సు అక్కర్లేదు అని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తేల్చింది. ఇంట్లో, ఆఫీసులో ఉన్న కనెక్షన్ నుంచే ఛార్జి చేసుకోవచ్చని 2022 జనవరి మార్గదర్శకాల్లో చెప్పారు, 2024 సెప్టెంబరులో వాటి బదులు కొత్తవి వచ్చాయి. ఆ కొత్త కాగితం ప్రింటు తీసి ఉంచుకోండి. కానీ దాన్ని ముందు బల్ల మీద పడేయకండి. రేపు మీ ఇంట్లో నీళ్ల మోటారు పాడైతే ఫోను చేయాల్సింది ఆ మనుషులకే.

వాళ్ల ముందు రెండు దారులు పెట్టండి. మొదటిది, మీ సొంత లైను. మీ ఫ్లాటు మూడో అంతస్తులో ఉన్నా, అపార్ట్‌మెంట్లలో మీటర్లు సాధారణంగా కిందే ఉంటాయి. మీ మీటరు నుంచి మీ పార్కింగ్‌కు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసేది), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది), విడి ఎర్త్ పిట్. మన దగ్గర రాతి నేల, ఎండాకాలంలో ఎర్త్ పూర్తిగా ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి పిట్ తీయించి, వేసవిలో వారానికోసారి నీళ్లు పోయండి. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించండి, కరెంటు సెక్షన్ ఆఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టండి. ఇందులో ఖర్చంతా మీది, వాళ్ల బిల్లులో పైసా పడదు. రెండోది, అందరికీ కలిపి ఒకే ఛార్జర్, వాడిన వాళ్లు వాడినంత కట్టడం. దీనివల్ల రేపు ఇంకో నలుగురు బండ్లు కొన్నా ట్రాన్స్‌ఫార్మరు మీద ఒకేసారి భారం పడదు. కానీ రాత్రి పదింటికి మీకు ముందు ఎవరో పెట్టుకుని ఉంటారు, బయటి క్యూ లోపలికి వచ్చినట్టే. నాకైతే మొదటిదే నచ్చుతుంది.

ఇంకొక మాట. 7.2 కిలోవాట్ల ఛార్జరే కావాలని పట్టుబట్టకండి. అది ఆరేడు గంటల్లో దాదాపు నింపేస్తుంది, నిజమే. కానీ అసోసియేషన్ దానికి ఒప్పుకోకపోతే, ఒక మంచి 16 ఆంపియర్ల పాయింటు అడగండి. గీజరుకు వాడేలాంటిదే, కాకపోతే గంటల తరబడి నడిచినా వేడెక్కని ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాయి. మీరు రోజుకు తిరిగేది ఎంత? 40, 50 కిలోమీటర్లు ఉంటుంది. అంటే ఆరేడు యూనిట్లు, రెండున్నర గంటల పని. దూరం పోయే ముందు రోజు రాత్రి పదికి పెడితే ఉదయం ఏడుకు 27 యూనిట్లు, సగం బ్యాటరీ పైనే. ‘గీజరంత లోడే’ అంటే మీ అసోసియేషన్ సెక్రటరీకి కూడా వెంటనే అర్థమవుతుంది.

ఇది కుదిరితే డబ్బు లెక్క ఎలా మారుతుందో చూడండి. నెలకు 1,500 కిలోమీటర్లకు 240 యూనిట్లు కావాలి. బయట యూనిట్‌కు 22 రూపాయలైతే 5,280. ఇంట్లో పదో వంతు నష్టం కలిపి 265 యూనిట్లు అనుకోండి. ఇంటి టారిఫ్‌లో 400 దాటిన పై స్లాబు 9.75 చొప్పున మొత్తం వేసినా 2,584. మీరు మీ ఆయనకు చూపించింది రెండున్నర వేలే కదా. ఆ లెక్క అప్పుడు తప్పు కాదమ్మా. ఇంట్లో ఛార్జి పెట్టుకుంటాం అనే షరతు మీద నిలబడిన లెక్క అది, ఆ షరతు విరిగింది. విరిగిందని చెప్పకుండా నెలనెలా పాత అంకె చెప్పడం మాత్రం తప్పు, మీరు కూడా దాన్ని సమర్థించుకోలేదు. స్లాబుల గొడవ లేకుండా ఛార్జింగ్‌కు విడి మీటరు, విడి కేటగిరీ కూడా ఉంది. సెక్షన్ ఆఫీసులో ఆ రేటు అడిగి, మీటరు ఖర్చుతో బేరీజు వేసుకోండి.

ఆయనకు ఎప్పుడు చెప్పాలి? పాయింటు వచ్చాక, ఖర్చు తగ్గాక చెబుదామని మీకు అనిపిస్తుంది. అలా చేస్తే ఆ రోజు గొడవ తక్కువే. కానీ అప్పటిదాకా అసోసియేషన్‌తో మీరు ఒంటరిగా పోరాడాలి, రాత్రి ఛార్జర్ దగ్గర ఒంటరిగా కూర్చోవాలి. ఇప్పుడే చెబితే ఒక పూట మాట పడతారు, ఆయనకు కోపం రావచ్చు, ‘నేను చెప్పలేదా’ అనవచ్చు. కానీ మీటింగుకు మీతో పాటు ఒక మనిషి వస్తారు. మా ఊళ్లలో ఇలాంటి మీటింగుల్లో ఇద్దరు కలిసి అడిగితే వినే తీరే వేరు. బ్యాంకు స్టేట్‌మెంట్, పైన వేసిన లెక్క రెండూ ముందు పెట్టి చెప్పండి. నా మాట అడిగితే ఈ వారమే.

ఇక అమ్మేయడం. పాయింటు ససేమిరా రాదని తేలితే ఆ ఆలోచన సబబే, సిగ్గుపడాల్సిన పని లేదు. ఇంట్లో ఛార్జింగ్ లేని వాళ్లకు ఎలక్ట్రిక్ బండి సుఖం సగమే. కానీ కొన్న ఏడాదిలోపు అమ్మితే నష్టం గట్టిగా ఉంటుంది. చేతికి వచ్చే డబ్బు మిగిలిన లోన్‌కు చాలుతుందో లేదో ముందు చూడండి. బ్యాటరీకి ఎనిమిదేళ్లో 1,60,000 కిలోమీటర్లో వారంటీ ఉంటే, అది రెండో యజమానికి ఎలా బదిలీ అవుతుందో కాగితాల్లో చదవండి, ధర దాని మీద కూడా ఆధారపడుతుంది.

పెద్ద బ్యాటరీ సంగతి. క్రెటా ఎలక్ట్రిక్‌లో పెద్దది 51.4 యూనిట్లు, అంటే మీ బండి తరగతే. హారియర్ ఈవీలో 75, ఎక్స్ఈవీ 9ఈలో 79 దాకా ఉన్నాయి. అలాంటి దాంతో బెంగళూరు ఆగకుండా పోతారు. కానీ ఇంట్లో పాయింటు లేకుండా అది కొంటే, ఇప్పుడు గంట కూర్చునే చోట ఇంకా ఎక్కువసేపు కూర్చోవాలి, ఈఎంఐ కూడా పెరుగుతుంది. ఏడాదిలో రెండు మూడు సార్లు పోయే ఊరి కోసం రోజూ ఆ బరువు మోయాలా? రెండో పెట్రోలు బండి మాట కూడా అంతే. దానికి బదులు, టైముకు తప్పనిసరిగా చేరాల్సిన పెళ్లిళ్లకు అద్దె బండి మాట్లాడుకోండి. లేదా మీ బండిలోనే పోతూ, మధ్యలో ఆగడానికి ఒక గంట ముందే లెక్కలో వేసుకోండి. రెండు ఛార్జర్లు చూసి పెట్టుకోండి, ఒకటి పోతే ఇంకొకటి. ఒక్క గన్ ఉన్న చోటును నమ్ముకోకండి. 20 నుంచి 80 దాకా ఛార్జి వేగంగా ఎక్కుతుంది, ఆ తర్వాత మందగిస్తుంది, కాబట్టి దారిలో 80 దగ్గర తీసేసి బయలుదేరండి.

ఇప్పుడు ఏసీ. పలమనేరు నుంచి ముళబాగిలు దాకా ముప్పావు గంట. ఐదుగురున్న బండిలో మే నెల ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ల దాకా తింటుంది. అంటే ఆ ముప్పావు గంటలో మీరు ఆదా చేసింది సుమారు ఒక యూనిట్. ఆరు కిలోమీటర్లు. నూట ఐదు నుంచి ఎనభైకి స్పీడు తగ్గించి ఉంటే అదే దూరంలో రెండు యూనిట్లు మిగిలేవి, చల్లగా కూర్చుని. ఈ అంకె చదివి మీకు బాధ కలుగుతుందని తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇకముందు ఛార్జి తగ్గితే మీ చేయి ఏసీ వైపు పోకూడదు, కాలు పెడల్ మీద తేలిక కావాలి.

మీ మామగారు దశాబ్దాల పాటు బస్సు నిండా జనాన్ని కొండకు ఎక్కించి దించిన మనిషి. దారిలో బండి ఆగడం ఆయనకు కొత్త కాదు. మనవరాలి తాళి చూడలేకపోయిన బాధ ఉంటుంది, అది ఎక్కడికీ పోదు. కానీ ‘ఎంత ఉందమ్మా’ అని ఒక డ్రైవరు అడిగినప్పుడు ఇంకో డ్రైవరు నిజం చెప్పలేదు. నాకు అర్థమైనంతవరకు ఆయనను బస్టాండుకు పంపిస్తున్నది అదే. ఇది నా ఊహ మాత్రమే. మీ ఇంట్లో ఉండేది మీరు, నేను కాదు. ఒంట్లో బాగాలేక వేడికి భయపడుతూ ఉండవచ్చు, మీ మీద భారం కాకూడదని అనుకుంటూ ఉండవచ్చు. అందుకే అడగండి.

మీ ఆయన ద్వారా అడిగిస్తే మొహమాటం తగ్గుతుంది, కానీ మామగారు కొడుకుతో ‘ఏమీ లేదురా’ అని ముగించేస్తారు. అడగకుండా వదిలేస్తే కాలం గడిచి ఆయనే ఎక్కవచ్చు, లేదా బస్సే అలవాటైపోవచ్చు. కిడ్నీ సమస్య ఉన్న 74 ఏళ్ల మనిషికి పోను రాను 220 కిలోమీటర్ల బస్సు నాకు నచ్చలేదు. మీరే పోయి ఆయన పక్కన కూర్చుని, ‘మామయ్యా, ఆ రోజు ఏసీ ఆపింది, చాలా ఉందని చెప్పింది, రెండూ నా తప్పే’ అనండి. బండి గురించి, రోడ్డు గురించి, షోరూం గురించి ఆ పూట ఒక్క మాట కూడా వద్దు. ఆయన ఏమీ అనకపోతే అలాగే కాసేపు కూర్చుని లేచి రండి. ఆ తర్వాత కూడా ఆయన బస్సులోనే పోతానంటే, సెలవు పెట్టి ఒక నెల మీరూ ఆ బస్సులో పోండి.

ఎక్కుతానంటే, రాయవేలూరు లెక్క ఇదిగో. రోడ్డులో పెద్ద ఎత్తుపల్లాలు లేవు. ఎనభై, ఎనభై ఐదులో ఏసీతో పోతే పోను రాను 36 యూనిట్లు, అంటే 72, 73 శాతం. మీరు ఇప్పటిదాకా 80 శాతంతో బయలుదేరుతూ ఉంటే తిరిగొచ్చేసరికి ఏడెనిమిది మిగులుతుంది, గుండె దడ రాక ఏం చేస్తుంది? ఇంట్లో పాయింటు వచ్చాక రాత్రి పెట్టి 100తో బయలుదేరితే 25 పైనే మిగులుతుంది. పాయింటు వచ్చేదాకా ఆసుపత్రిలో ఆయన లోపల ఉన్నంతసేపు బండి దగ్గర్లో ఛార్జి ఎక్కేలా చూసుకోండి. బయలుదేరే ముందు, ప్లగ్‌లో ఉండగానే ఏసీ వేసి బండి చల్లబరిస్తే ఆ కరెంటు బ్యాటరీది కాదు, ఇంటిది.

అయితే మొదటి ప్రయాణం రాయవేలూరుకు వద్దు. ఆసుపత్రి టెన్షన్ ఆయనకు ఎలాగూ ఉంటుంది. ఒక తెల్లవారుజామున కొండకు తీసుకుపోండి. ముందు సీట్లో ఆయనను కూర్చోబెట్టి, అలిపిరి దగ్గర శాతం ఎంతుందో ఆయన చేతే చదివించండి. పాత డ్రైవర్లకు ‘ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి’ అనేది మొదటి పాఠం, మీ బండి రీజెన్ చేసేది కూడా ఆ పనే. ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944లో వేసిన పాతది. ఆ పాత రోడ్డు మలుపులు ఆయనకు నోటికి వచ్చి ఉంటాయి. ఏ మలుపు ముందు కాలు ఎత్తాలో ఆయనను చెప్పమనండి, అలాగే ఎత్తండి. కింద టోల్‌గేటు దగ్గర శాతం ఎంత పెరిగిందో మళ్లీ ఆయనే చదువుతారు.